రాయి చెప్పిన ఆదివారం

పోయినవాటిని ముందుగా లెక్కపెడతాను. శాసనం చెక్కిన రాయి ఒకటి, నేలపైన కనిపించే ఎత్తు నాలుగు అడుగుల రెండు అంగుళాలు. దాని మీద పదిహేడు వరసలు, అందులో చదవడానికి వీలైనవి పద్నాలుగు. కనకమ్మ సత్రం ఊరు దాటాక తిరుత్తణి రోడ్డు పక్కన ముప్పై రెండు సెంట్ల నేల. ఆ నేలలో వేపచెట్లు రెండు. ఆడికృత్తికకు కావడి ఎత్తుకుని కొండకు నడిచిపోయేవాళ్ళకు నీళ్ళూ మజ్జిగా పోయడానికి ఆ చెట్ల కింద పెట్టే కుండలు పన్నెండు. పొడుగు నోటుబుక్కులు పద్నాలుగు ఉండగా పదకొండు. ఆ పదకొండింటిలో గ్రహణాల కథలు, వాటిని రాసినాయన వేసుకున్న వరస నంబర్ల ప్రకారం, నూట అరవై ఐదు. మనిషి ఒకరు.

నోటుబుక్కులు పాతకాగితాలవాడి తక్కెడలోకి పోయాయి. మనిషి ఆస్పత్రిలో పోయారు. రాయి, నేల, చెట్లు, కుండలు, ఈ నాలుగూ పోయింది మాత్రం నేను ఒక సాయంత్రం చేసిన లెక్క వల్ల.

ఈ ఫాల్గుణ పౌర్ణమికి చంద్రుడు గ్రహణంతోనే పైకొచ్చాడు. తిరువళ్ళూరు స్టేషన్లో మెట్ల వంతెన మీద నిలబడి చూస్తున్నాను. పక్కన ఒకావిడ, చేతిలో సగం తాగిన టీ ఉంది, చంద్రుణ్ణి చూడగానే గ్లాసు మీద అరచెయ్యి మూసింది. ఎవరో తెలియదు. ఆ చెయ్యి చూశాక నేను చంద్రుణ్ణి చూడలేదు.

ఆయన అలాగే మూసేవారు. గ్రహణం ఉన్నా లేకపోయినా సరే. గ్రహణం మాట ఎత్తితే చాలు, ముందున్న గ్లాసు మీదికి ఎడమ అరచెయ్యి వెళ్ళేది. కథ ముగిసేదాకా తీసేవారు కాదు. కథ ముగిసేసరికి టీ చల్లారేది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, "ఊ, ఇప్పుడు విడుపు" అనేవారు.

నేను తిరువళ్ళూరులో మా చిన్నాన్న సిమెంటు, ఇనుము కొట్టులో లెక్కలు రాస్తాను. పంచాంగ గణితం నాకు ఎవరూ నేర్పలేదు. పాత పంచాంగాలు పక్కపక్కన పెట్టుకుని, ఏటికేడు తేడాలు తీసి, ఆ తేడాల మధ్య తేడాలు తీసి నేర్చుకున్నాను. తప్పులు దిద్దేవాళ్ళు లేక తప్పులతోనే నేర్చుకున్నాను. ఇప్పుడు గ్రహణం పట్టు, విడుపు నిమిషం తేడాతో తేల్చగలను. అంతకంటే చెప్పుకోవాల్సింది నా గురించి ఏమీ లేదు.

ఆయన కనకమ్మ సత్రం దగ్గర రైతు. డెబ్బై దాటినవారు. వాళ్ళ వంశం రాయలకాలంలో ఇటు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. నన్ను మొదటినుంచీ "సెట్టీ" అన్నారు, నేను "అయ్యా" అన్నాను. మా మధ్య ఇంకే పేరూ రాలేదు. అందుకే ఇక్కడ కూడా పేరు రాయడం లేదు.

మార్గశిర అమావాస్యకు పొద్దునే సూర్యగ్రహణం పట్టిన ఏడు అది. కొట్టు అరుగు మీద ఎండలో జల్లెడ పట్టుకుని నిలబడ్డాను. జల్లెడ కన్నాల్లోంచి గచ్చు మీద చిన్న చిన్న సూర్యులు పడుతున్నారు, ప్రతిదీ కొడవలి ఆకారంలో. కట్టుకంబి కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన ఆ పని మరిచి, గొంతుకూచుని వాటిని వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"నూట ఎనిమిది ఉండాయి సెట్టీ."

"నూట పన్నెండు అయ్యా. కన్నాలు నేను ముందే లెక్కపెట్టుకున్నాను."

"అట్లయితే నాలుగు నీ నీడలో ఉండాయి. జరుగు."

జరిగాను. నాలుగూ కనిపించాయి. ఆయన లేచి పంచె దులుపుకుని, పట్టు ఎన్నింటికని అడిగారు. ఎనిమిది దాటి ఎనిమిది నిమిషాలకన్నాను. విడుపు పదకొండుంబావు దాటాకన్నాను. వాళ్ళింట్లో ఇత్తడి పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి రోకలి నిలబెట్టారట. గ్రహణం విడిచేటప్పుడు అది తానుగా పడుతుందని ఇంట్లో నమ్మకం. "నీ విడుపూ దాని విడుపూ ఒకటేనా చూడల్ల" అని నా నంబరు రాసుకుని, కట్టుకంబి కొనకుండానే బస్సెక్కారు.

పన్నెండు కాకముందే ఫోను వచ్చింది. "మూడు నిమిషాలు ముందే పడింది సెట్టీ. కోడి తగిలింది. కోడి తగలకపోయింటే నీదే సరి."

అప్పటినుంచి నెలకొకసారి వచ్చేవారు. చేతిసంచిలో పొడుగు నోటుబుక్కు ఉండేది. మనవళ్ళకు తమిళమే చదవడం వస్తుంది, తెలుగు అక్షరం రాదు. అది తెలిసీ ఆయన తెలుగులోనే రాసేవారు. ప్రతి కథకూ పైన నంబరు, కింద చెప్పినవాళ్ళ వివరం. "చెప్పినోడు: తిరునిన్రవూరు రైల్లో శనిక్కాయలు అమ్మేవాడు. కుంటికాలు." "చెప్పింది: అత్తిమంజేరిపేట మా మేనత్త. రెండుసార్లు చెప్పింది, రెండోసారి మార్చింది." నేను లైబ్రరీలో చదివినవి చెబితే "చెప్పినోడు: సెట్టి. పుస్తకంలో చూసినాడంట" అని రాసేవారు. ఆ 'అంట' నాకు కొంచెం నొప్పిగా ఉండేది. ఒకసారి అడిగాను. "నువ్వు చూసినావు, నేను చూల్లేదు గదా" అన్నారు. లెక్కలవాణ్ణి అయ్యుండీ సాక్ష్యం విషయంలో ఆయనంత జాగ్రత్త నాకు లేదు.

ఏ కథ చెప్పినా ఆయన ప్రశ్నలు ఎవరూ అడగని చోట నుంచి వచ్చేవి. పడమట రెండు నదుల మధ్య ఒకనాటి రాజ్యంలో, గ్రహణం రాజు ప్రాణానికి గండమని తేలితే, ఎవడో ఖైదీనో తోటమాలినో తెచ్చి సింహాసనం మీద కూచోబెట్టేవాళ్ళని, గండం గడిచాక వాణ్ణి చంపి అసలు రాజు మళ్ళీ ఎక్కేవాడని చెప్పాను. అరచెయ్యి గ్లాసు మీదే ఉంది.

"ఆ నాలుగు దినాలూ వాడికేం పెట్టినారు?"

"పుస్తకంలో లేదు అయ్యా."

"రాజు తిండి పెట్టినారా, తోటమాలి తిండే పెట్టినారా?"

"తెలియదు."

"తెలుసుకో. అది తెలీకుండా ఎట్ల రాసేది?"

ఆ కథకు నంబరు వేశారు కానీ కింద ఒక వరస ఖాళీ ఉంచారు. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరున్న మూడింటిలో ఒకటి. వరస ఖాళీగానే ఉంది.

సూర్యుడు ఆరిపోయాడనుకుని, మళ్ళీ వెలిగించడానికి నిప్పుబాణాలు ఆకాశంలోకి వేసే జనం ఉన్నారని ఇంకోసారి చెప్పాను. "పైకి పోయినవి కిందికి గదా రావాల. యాడ పడినాయి? గడ్డివాములుంటాయి గదా" అన్నారు. ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్న రెండు సైన్యాలు పట్టపగలు చీకటి పడగానే కత్తులు దించి రాజీపడ్డాయని చెబితే నమ్మలేదు. "వాళ్ళు ముందే అలిసిపోయుంటారు. సాకు కోసం చూస్తా ఉండుంటారు" అన్నారు. తూర్పుదేశంలో ఇద్దరు ఆస్థాన జ్యోతిష్కులు తాగి పడుకుని గ్రహణం చెప్పలేదని రాజు తలలు తీయించిన కథ మాత్రం ఆయనకు చాలా ఇష్టం. కొట్టులో ఎవరుంటే వాళ్ళకు చెప్పి, చివర నన్ను చూపించి, "ఈ సెట్టి తాగడు, అంతవరకు బాగుండాది" అనేవారు.

మన పద్యాల మీద ఆయనకు కోపం. "గ్రహణం వచ్చిందంటే పద్యం రాసేవోడికి ఆడపిల్ల మొగం మీద పడిన జుట్టే కనిపిస్తుంది. ఆ పొద్దు వండిన అన్నం పారేసినారా, ఉంచినారా, అది ఒక్కడూ రాయడు." చిన్నప్పుడు పురాణ కాలక్షేపంలో విన్న యుద్ధకథ ఒకటి ఆయనను విడవలేదు. పొద్దు గుంకిందనుకుని దాక్కున్నవాడు బయటికొస్తాడు, సూర్యుడు మళ్ళీ కనిపిస్తాడు, వాడి తల పోతుంది. అందరూ అది దేవుడి మాయ అంటారు. ఆయన అలా అనేవారు కాదు. "వాడి పక్షంలో లెక్కలోడు ఒకడుంటే బతికుండేవోడు. ఇంకా పొద్దుంది, బయటికి రావాకు అని చెప్పుండేవోడు. లెక్కలోడు లేని పక్షం ఓడిపోతుంది సెట్టీ."

ఇంకో మాట కూడా ఆయన నోట తరచు వచ్చేది. "మింగేదానికి కడుపు లేదు, అది మన అదృష్టం." సూర్యుణ్ణి మింగే పాముకు తలే ఉంది, కడుపు లేదు, అందుకే మింగింది బయటికొస్తుంది అని. రోడ్డు పక్క పొలాలు ఒక్కొక్కటే ప్లాట్లు కావడం మొదలైనప్పుడు ఆ మాటకు తోక వచ్చింది. "వీళ్ళకు కడుపుండాది. బయటికి రాదు."

ఆ రాయిని నేను మొదటిసారి చూసింది పరిచయమైన రెండో ఏడు. వేపచెట్ల మధ్య కొంచెం వాలి ఉంది. తెలుగు అక్షరాలు, పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నారు. సారాంశం ఇది. ఫలానా శక సంవత్సరం, ఫలానా మాసం, అమావాస్య, ఆదివారం, సూర్యగ్రహణ పుణ్యకాలంలో, ఆయన పూర్వీకుడు ఒకాయన ఈ నేలను దారిన పోయేవాళ్ళ దాహానికి ధారపోసి ఇచ్చాడు. సూర్యచంద్రులున్నంతకాలం ఇది చెల్లాలి. శకం అంకె ఇక్కడ రాయను, దానికి కారణం తరవాత చెబుతాను. అరవై ఏళ్ళ వరసలో ఆ ఏటి పేరున్నచోట ఎప్పుడో నాగలి తగిలి రాతి చెక్క లేచిపోయింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఇంకెక్కడా నేను వినలేదు. ప్రతి సూర్యగ్రహణానికీ, విడుపు అయ్యాక, ఇంటి పెద్ద స్నానం చేసి తడిబట్టతో ఆ రాయి దగ్గరికి పోయి, రాగిచెంబుతో నీళ్ళు దాని మీద పోసి, "మళ్ళీ ఇచ్చినాను" అంటాడు. అంతే. మంత్రం లేదు. ఇచ్చింది ఒక్కసారే అయితే మనవళ్ళు మరిచిపోతారని, ప్రతి తరం తన నోటితో ఇవ్వాలని ఆ పూర్వీకుడే పెట్టాడట. ఆయన తన పన్నెండో ఏట తాత అలా అనడం విన్నారు. నలభై ఏళ్ళుగా తానే అంటున్నారు. "ఇచ్చేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉంటుంది సెట్టీ. చెప్తే తెలీదు" అన్నారు ఒకసారి.

ఆయనకు ఒక తమ్ముడు. తిరునిన్రవూరులో ఇల్లు, రోజూ రైల్లో చెన్నై ఆఫీసు. చెడ్డవాడు కాదు. అన్న ముందు కుర్చీలో కూచోడు. ఆ నేల కాగితాల్లో ఇద్దరి పేరా ఉంది, దానమిచ్చినట్టు సర్కారు లెక్కల్లో ఎక్కడా లేదు. వెనక పొలాలు కొన్నవాళ్ళకు రోడ్డు మీదికి దారి కావాలి, దారికి ఈ ముప్పై రెండు సెంట్లు కావాలి. తమ్ముడు ఏడాది పాటు అడిగాడు. ఆయన ఏడాది పాటు ఒకే మాట చెప్పారు. "గ్రహణంలో ధారపోసింది. మనది కాదు. మనది కానిది ఎట్ల అమ్మేది?"

ఒక రోజు ఇద్దరూ మా కొట్టుకు వచ్చారు. తమ్ముడు నిలబడే మాట్లాడాడు.

"సెట్టిగారూ, మా అన్నకు మీరంటే గురి. ఒక్క మాట అడగతాను. గ్రహణంలో ఇస్తే పుణ్యం ఎక్కువని, గ్రహణం కాని రోజున ఇచ్చి గ్రహణమని రాసుకునేవాళ్ళు ఉండారా లేదా?"

"ఉన్నారు. అలాంటి రాళ్ళు కొన్ని తేలాయి" అన్నాను. అది నిజమే.

తమ్ముడు అన్నవైపు తిరిగాడు. "విన్నావా అన్నా. సుమ్మా, ఊరికే రాసుకుని ఉండొచ్చు. లెక్క వేయిద్దాం. ఆ పొద్దు గ్రహణం అయిందని తేలితే ఆ నేల మాట నేను చచ్చేదాకా ఎత్తను. కాలేదని తేలితే నువ్వు సంతకం పెట్టు."

ఆయన నవ్వారు. ఆ నవ్వులో సందేహం ఇంత కూడా లేదు. "సరి" అన్నారు. నాతో, "వారం తీసుకో సెట్టీ, తొందర లేదు" అన్నారు.

నేను వారం తీసుకోలేదు. ఆ సాయంత్రమే కొట్టు కట్టాక కూచుని, టీ చల్లారేలోపు ముగించాను. శకం అంకెను అందరూ మామూలుగా తీసుకునేట్టే తీసుకున్నాను, అంటే గడిచిపోయిన ఏళ్ళ సంఖ్యగా. ఆ మాసం అమావాస్య పట్టుకున్నాను. సూర్యుడు గ్రహణం పట్టే చోటికి దూరంగా ఉన్నాడు. గ్రహణం లేదు. వారం చూశాను, ఆదివారం రాలేదు, గురువారం వచ్చింది. నాకు సంతోషం కలిగింది. అది దాచను. లెక్క తెగినప్పుడు కలిగే సంతోషం, అది ఎవరి మెడ మీద తెగిందో చూసుకోదు.

మర్నాడు పొద్దునే ఇద్దరూ వచ్చారు. చెప్పాను.

"గ్రహణం లేదు అయ్యా. ఆ రోజు ఆదివారం కూడా కాదు, గురువారం. రాయి రెండు అబద్ధాలు చెప్పింది."

తమ్ముడు తల దించుకున్నాడు. గెలిచినవాడిలా కనపడలేదు. ఆయన గ్లాసు మీద చెయ్యి పెట్టి ఉన్నారు.

"గురువారమా" అన్నారు. కాసేపటికి, "ఇంకొకసారి చూస్తావా?"

"ఎన్నిసార్లు చూసినా లెక్క మారదు అయ్యా."

నా గొంతులో ఏదో వినపడి ఉంటుంది. "నీ మీద అనుమానం కాదులే సెట్టీ" అన్నారు. లేచి వెళ్ళేటప్పుడు గ్లాసు మీది చెయ్యి తీశారు, టీ తాగలేదు.

ఆ నెలలోనే సంతకం పెట్టారు. మాట ఇచ్చిన మనిషి, వెనక్కి చూడలేదు. రాయిని జాగ్రత్తగా తీసి ఇంటి దగ్గర పెట్టమని యంత్రం నడిపేవాడికి చెప్పారట. వాడు మట్టితో పాటు ఎత్తి లారీలో వేశాడు. లారీ ఏ గుంత పూడ్చిందో ఎవరికీ తెలియదు.

దీపావళి మర్నాడు సాయంత్రం సూర్యగ్రహణం వచ్చింది చూడండి, సూర్యుడు గ్రహణంతోనే అస్తమించిన ఏడు, ఆ రోజు నేను కనకమ్మ సత్రం వెళ్ళాను. మధ్యాహ్నం ఆయన భార్య ఫోను చేసింది. "తమ్ముడూ, మీ అయ్య పొద్దుటినుంచి ఏమీ తినలేదు. గ్రహణంతో గుంకితే మర్నాడు సూర్యుణ్ణి చూసిందాకా తినకూడదంట. చక్కెర రోగం మనిషి. నువ్వన్నా వచ్చి చెప్పు, నా మాట యాడ వింటాడు."

వేపచెట్లు లేవు. చదును చేసిన ఎర్రమట్టి, పసుపురంగు పూసిన హద్దురాళ్ళు వరసగా. వాటిని లెక్కపెట్టాను, ఇరవై నాలుగు. ఆయన వాటి మధ్య పడమటివైపు తిరిగి నిలబడి ఉన్నారు. ఐదుంబావుకు పట్టు మొదలైంది. సూర్యుడి పక్క నుంచి ఎవరో పంటితో కొరికినట్టు కొంచెం పోయింది. ఇద్దరం నల్లటి ఫిల్ము అడ్డం పెట్టుకుని చూశాం. అరగంటలో ఆ కొరికిన సూర్యుడు తాటితోపు వెనక దిగిపోయాడు.

"ఇంట్లో ఏమన్నా తినండి అయ్యా. మందులు వేసుకునే మనిషి."

"పొద్దున తింటాలే."

"విడుపు ఆరున్నరకు. సూర్యుడు కనపడకపోయినా లెక్క ప్రకారం విడుపు విడుపే. చెంబు తేలేదా?"

ఆయన నావైపు చూడలేదు. "దేని మీద పోసేది?"

నేను హద్దురాళ్ళవైపు చూశాను.

"రాయి లేదని కాదు సెట్టీ. రాయి లేకపోయినా నేల మీద పోయొచ్చు. మా తాత నా చెయ్యి పట్టుకుని పోయించినాడు. ఆయన తాత ఆయన చెయ్యి పట్టుకుని ఉంటాడు. అందరూ ఒక అబద్ధాన్ని తడిపినారు."

"మరి ఈ ఉపవాసం ఎందుకయ్యా?"

"ఉపవాసం సూర్యుడిది. అది నిజం, కళ్ళతో చూసినా గదా. నీళ్ళు పోసేది మాది."

మర్నాడు సూర్యుణ్ణి చూశాకే తిన్నారు. ఏమీ కాలేదు. ఆ ఏడు ఆడికృత్తికకే కుండలు పెట్టలేదని ఆయన భార్య చెప్పింది. ఇంటి ముందర పెట్టుకోవచ్చు కదా అని నడిచేవాళ్ళు అడిగారట. "మేం ఇచ్చేవాళ్ళం కాదు" అని చెప్పి పంపించారట.

తరవాతి ఎండాకాలంలో నాకు నా తప్పు తెలిసింది. ఇంకో రాయి లెక్క చూస్తున్నాను, అచ్చయిన శాసనాల సంపుటంలోది. దాంట్లో కూడా వారం కుదరలేదు. నాలుగు రోజులు తేడా. కానీ ఆ రాతి మీద ఏటి పేరు చెక్కు చెదరకుండా ఉంది, ఆ పేరు అంతకు ముందటి ఏడాదిని చూపిస్తోంది. అప్పుడు చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

చిక్కు చాలా చిన్నది. మనిషి వయసు యాభై అంటే యాభై నిండిందా, నడుస్తోందా అని అడుగుతాం. శకం కూడా అంతే. ఎక్కువమంది నిండిన ఏళ్ళు రాస్తారు. కొందరు నడుస్తున్నది రాస్తారు. ఆయన రాయి నడుస్తున్నది రాసింది. నేను ఒక ఏడాది ముందుకు పోయి వెతికాను. అది తెలుసుకోవడానికి ఏటి పేరు కూడా అక్కర్లేదు. చాంద్రమానంలో ఏడాదికి మూడు వందల యాభై నాలుగు రోజులు. ఏడుతో భాగిస్తే శేషం నాలుగు. ఆదివారం నుంచి గురువారానికి నాలుగు. రాయి ఆదివారం అంది, నాకు గురువారం వచ్చింది. సరిగ్గా ఒక్క ఏడాది తప్పిపోయావని ఆ నాలుగు నా కళ్ళ ముందు నిలబడి చెప్పింది. నేను దాన్ని రెండో అబద్ధంగా రాసుకున్నాను.

ఒక ఏడాది వెనక్కి పోయి మళ్ళీ వేశాను. అమావాస్య. ఆదివారం. గ్రహణం. కనకమ్మ సత్రం ఆకాశంలో, పట్టపగలు.

చెప్పడానికి మూడుసార్లు సిద్ధమయ్యాను. మొదటిసారి కనకమ్మ సత్రంలో బస్సు దిగి, టీ తాగి, ఎదురు బస్సులో తిరిగొచ్చాను. నేల పోయింది, రాయి పోయింది, ఇప్పుడు చెబితే రెండూ అనవసరంగా పోయాయని ఆయనకు కొత్తగా తెలుస్తుంది, అంతకంటే లాభం లేదు అనుకున్నాను. నా పరువు కోసం కాదు, ఆయన మనసు కోసం అనుకున్నాను. అది కూడా తప్పు లెక్కే.

రెండోసారి బయలుదేరేలోపు ఆయనే కొట్టుకు వచ్చారు. బాగా చిక్కిపోయి ఉన్నారు. మంచుదేశంలో సూర్యుణ్ణి తరిమే తోడేలు కథ ఎవరో చెప్పారట, రాసుకొచ్చారు. నంబరు రెండు వందల పదకొండు. చదివి వినిపించారు. చదివినంతసేపూ చెయ్యి గ్లాసు మీదే ఉంది. కథ అయ్యాక తీయలేదు.

"సెట్టీ, ఒకటి అడగల్ల. మిగతావాళ్ళ రాళ్ళు కూడా అబద్ధం చెప్తాయా?"

నా సొరుగులో ఆ కాగితం ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరం.

"కొన్ని చెప్తాయి అయ్యా."

"ఎన్ని?"

"లెక్క లేదు. చాలానే ఉంటాయి."

"అట్లనా." ముఖం కొంచెం తేటపడింది. "పోనీలే. మాదొక్కటే అయితే సిగ్గు. అందరివీ అయితే పరవాల్లేదు." టీ తాగారు. ఆ నోటుబుక్కును, అంతకు ముందువి రెండింటిని తోడు చేసి, నా దగ్గరే ఉంచమన్నారు. తీరిగ్గా చదివి తప్పులు దిద్దమన్నారు. "నువ్వు చూస్తే సరిగా ఉంటుంది" అన్నారు.

ఆయన బస్సెక్కేదాకా అరుగు మీదే నిలబడ్డాను. సొరుగు తీయలేదు.

మూడోసారి వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంది. పక్కింటివాళ్ళు ఆస్పత్రి అన్నారు. నేను ఆస్పత్రికి చేరే సమయానికి తమ్ముడు బయట బెంచీ మీద ఒక్కడే కూచుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

నెల గడిచాక ఆయన భార్యకు చెప్పాను. కాగితం ముందుపెట్టి, శకం, శేషం, ఆదివారం, అన్నీ చెప్పాను. ఆమె చదువుకోలేదు. కాగితం వంక చూడలేదు, నా నోటి వంకే చూసింది.

"అయితే గ్రహణం అయింది."

"అయిందక్కా."

"ఆ పెద్దాయన నిజమే రాయించినాడు."

"నిజమే."

చాలాసేపు కొంగు వేలికి చుట్టుకుంది. "ఆ ఏడు అంకె ఎవురికీ చెప్పొద్దు తమ్ముడూ. మా మరిదిని ఊరు తిడుతుంది. వాడు నీ మాట నమ్మే అడిగినాడు, దొంగతనం చెయ్యలే." సరేనన్నాను. అందుకే ఇక్కడ శకం రాయలేదు. నేను లేచేటప్పుడు మెల్లగా, కోపం లేకుండా అంది. "ఆయనకు చెప్పల్సింది నాకు చెప్తా ఉండావు."

ఆ తరవాత ఆ లెక్కను ఇంకో ఏడుసార్లు వేశాను, రెండు వేరు వేరు పద్ధతుల్లో. ఆయన అడిగిన ఆ ఒక్కసారి వేయనందుకు ఏడు చాలవు. ఫలితం ప్రతిసారీ రెండు విఘడియల తేడాలోపే వచ్చింది. ఇదీ అది. ఆదివారం. సూర్యోదయం నుంచి ఎనిమిది ఘడియల పన్నెండు విఘడియలకు పట్టు. పదమూడు ఘడియల ముప్పై రెండు విఘడియలకు విడుపు. మొత్తం ఐదు ఘడియల ఇరవై విఘడియలు. ఆయనకు నేను ఇంకా ఇవ్వాల్సింది ఇంత.